ఎంత చప్పుడైతే ఎక్కువ?

"ఎంత?" అని అడిగితే ఏదో ఒక అంకె రావాలి. రాంగోపాల్‌పేట్‌లో స్టీలు సామాన్ల దుకాణంలో పెరిగినవాడికి లోకం అలాగే అర్థమవుతుంది. వచ్చిన అంకెను సగానికి కొట్టాలి, అవతలివాడు గుండె పట్టుకోవాలి, చివరికి ఇద్దరూ ఎక్కడో ఒకచోట ఆగాలి. ఆగాక పైన ఒక చెంచానో గరిటెనో కొసరు అడగాలి. నాయన నాకు నేర్పిన చదువు ఇదే. కాలేజీలో అబ్బింది ఇంతకన్నా తక్కువ.

అందుకే భూటాన్ గైడుతో ఫోన్లో మాట్లాడిన రోజు నాకు కాళ్ల కింద నేల కదిలినట్టయింది.

నేనూ, నా దోస్తు ఒక స్కూలు సారూ బుల్లెట్ బండ్ల మీద భూటాన్ పోవాలనుకున్నాం. సారుది కోస్తా నుంచి వచ్చి మల్కాజ్‌గిరిలో స్థిరపడ్డ క్రైస్తవ కుటుంబం. ఆదివారాలు చర్చిలో మైకు సెట్టు కూడా ఆయనే చూసుకునేవారు. వేసవి సెలవుల్లో తప్ప ఆయనకు కుదరదు. పై ఏడాది నుంచి ఆ సెలవుల్లో కూడా పదో తరగతి క్లాసులు ఆయన నెత్తిన పడబోతున్నాయి. పోతే ఆ వేసవే పోవాలి. సికింద్రాబాద్ స్టేషన్‌లో బండ్లు పార్శిల్ వేసి, బెంగాల్ దాకా రైల్లో పోయి, అక్కణ్నుంచి నడుపుకుంటూ సరిహద్దు దాటాలని మా పథకం.

గైడు అన్నీ చెప్పి, చివర్లో హిందీలో ఒక ముక్క కలిపాడు. "సైలెన్సర్ చప్పుడు ఎక్కువుంటే చెక్‌పోస్టు దగ్గరే ఆపేస్తారు సాబ్. వెనక్కి పోవాల్సిందే."

"ఎంత దాకా ఒప్పుకుంటారు?"

"ఎక్కువ ఉండొద్దు."

"అదే, ఎంతైతే ఎక్కువ?"

"వింటే మీకే తెలుస్తుంది."

నాకే తెలిస్తే నిన్నెందుకడుగుతాను? అంకె చెప్పని మనిషితో బేరం ఎక్కడ మొదలుపెట్టాలో నాకు ఎవరూ నేర్పలేదు.

నా బండి సంగతి చెప్పాలి. ఏపీ పది, అంటే సికింద్రాబాద్ నంబరు. కొన్న కొత్తలోనే రాణిగంజ్‌లో మెకానిక్ దగ్గర కంపెనీ సైలెన్సర్ పీకించి, లోపల అడ్డమేమీ లేని పొడుగు గొట్టం వేయించాను. పాతది అతనికే ఎక్స్ఛేంజ్‌లో అంటగట్టి, కొసరుగా ఒక అద్దం కూడా రాబట్టి, గెలిచానని ఇంటికొచ్చాను. ఆ చప్పుడు సందు మలుపులో వినపడగానే దుకాణంలో నాయన చాయ్ చెప్పేవాడు. "గది బండా, పిండి గిర్నీనా?" అని రోజూ తిట్టేవాడు. నేను మెట్టెక్కేసరికి చాయ్ మాత్రం పొగలు కక్కుతూ ఉండేది.

ముందు మెకానిక్‌నే అడిగాను. అతను గొట్టం వెనక అరచెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని విన్నాడు.

"మస్తుంది సేట్. ఎక్కువేం లేదు."

"ఎవరికి ఎక్కువ లేదు? నీకా, భూటానోళ్లకా?"

"నాకైతే లేదు. పొద్దంత గీ సప్పుడుల్నే ఉంట. ఇంటికి పోయినంక మా ఇంటామె ఏమన్నా జెర సేపు ఇనవడదు. మంచిగనే ఉంటది."

సారు ఇదంతా విని, చర్చి నుంచి చప్పుడు కొలిచే మీటరు పట్టుకొచ్చారు. మైకు గోల ఎక్కువైందని చుట్టుపక్కలవాళ్లు పేచీ పెట్టినప్పుడు కొన్నదట. మా దుకాణం ముందు పెట్టాం. నేను కిక్కు కొట్టకముందే ముల్లు సగం దాటింది. బండి స్టార్ట్ చేస్తే ఇంకాస్త ఎక్కింది. వెనక బస్సు హారన్ కొడితే బండిని దాటిపోయింది. బండి ఆపేశాను. ముల్లు దిగలేదు.

"బండి ఆగింది గదా సార్, ఇదేం చూపిస్తోంది?"

"ఊరు ఆగలేదండీ," అన్నారు సారు.

మరునాడు మధ్యాహ్నం బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్ వెనక్కి పోయాం. అప్పటికి బేరాలు ముగిసి అక్కడ నిశ్శబ్దంగా ఉంది. మీటరు గొట్టానికి దగ్గరగా పెడితే ఒక అంకె, కాస్త జరిగితే ఇంకొకటి, పక్కకు తిప్పితే మరొకటి. అంకెలు కనపడగానే నాకు ప్రాణం లేచొచ్చింది.

"సార్, మీరు ఆ టమాటా బుట్టల దగ్గరికి పోండి. అక్కడైతే మన బండి చాలా మంచిది."

"చెక్‌పోస్టువాడు టమాటా బుట్టల దగ్గర నిలబడతాడని మీకెవరు చెప్పారు సేటుగారూ?"

"నిలబడమని అడుగుదాం. అడిగితే పోయేదేముంది?"

"ప్రయాణం."

కొలిచేవాళ్లు ఎంత దూరంలో నిలబడతారని మళ్లీ గైడుకు ఫోన్ చేశాను. "కొలవరు సాబ్, వింటారు," అన్నాడతను. ఇది మరీ అన్యాయంగా తోచింది. తూకం రాళ్లు లేకుండా, చేత్తో ఎత్తి చూసి ఇంతని చెప్పే దుకాణం ఎక్కడైనా ఉంటుందా?

కంపెనీ సైలెన్సర్ తిరిగి వేయించడం తప్ప దారి లేదు. నాది ఎప్పుడో అమ్ముడుపోయిందన్నాడు మెకానిక్. కొత్తది మద్రాసు నుంచి రావాలి, వచ్చేసరికి సారు సెలవులు కాస్తా అయిపోతాయి.

ఆ కబురు చెబుదామని మల్కాజ్‌గిరిలో సారు ఇంటికి పోయి, వాకిట్లో ఆయన బండి పక్కన కూలబడ్డాను. అప్పుడు కనపడింది, ఆ బండి సైలెన్సర్ అడుగున సొట్ట. అది మా దుకాణం మెట్టుకు నేను కొట్టించిన సొట్ట. సారు తన తుప్పుపట్టిన సైలెన్సర్ మార్చి, ఆ మెకానిక్ దగ్గరే నాది కొన్నారన్నమాట.

అలవాటు చొప్పున ముందు సరుకును తక్కువ చేశాను. "సార్, మీ సైలెన్సర్‌కు సొట్ట పడ్డది. చూడ్డానికి బాగాలేదు."

ఆయన వంగి చూసి, నా మొహం చూశారు. "ఇది మీదా? అయితే తీసేసుకోండి."

"ఎంతకు?"

"ఎంతకేంటండీ? మీరు వెళ్లి రండి. ఫొటోలు చూపిద్దురు."

బేరం లేదు, కోపం లేదు, తిరిగి అడిగేదీ లేదు. ఎక్కడో మోసం ఉండాలని చాలాసేపు వెతుక్కున్నాను. దొరకలేదు. అది తీసుకుంటే ఆయన ఉండిపోవాలి, తీసుకోకపోతే నేను ఉండిపోవాలి. రెండూ నష్టంగానే కనపడ్డాయి.

లోపల బియ్యం ఏరుతున్న సారు భార్య అక్కణ్నుంచే అన్నారు: "ఆ బండికి వెనక సీటు లేదాండీ?"

అలా సారు బండి మీదే ఇద్దరం పోయాం. చెక్‌పోస్టు దగ్గర కాపలా ఆయన మా బండి స్టార్ట్ చేయించి, తల ఓ పక్కకు వంచి విని, పొమ్మని చెయ్యి ఊపాడు. పోవచ్చు గదా. కొసరు అడగందే నాకు బేరం ముగిసినట్టుండదు. "ఇంకొంచెం ఎక్కువున్నా పోనిచ్చేవారా?" అన్నాను హిందీలో. సారు వెనక నుంచి నా వీపు మీద గిల్లారు. ఆ కాపలా ఆయన ఆలోచించి, బండి మళ్లీ స్టార్ట్ చేయమన్నాడు. ఇంకో ఆయన్ను పిలిచాడు. ఇద్దరూ విన్నారు, వాళ్ల భాషలో ఏదో మాట్లాడుకున్నారు, మళ్లీ చెయ్యి ఊపారు. ఏం తేల్చారో ఇప్పటికీ నాకు తెలియదు.

తిరిగొచ్చాక స్టేషన్ నుంచి అదే బండి మీద దుకాణానికి వచ్చాం. మేం మెట్టెక్కేదాకా నాయన తలెత్తలేదు. బల్ల మీద చాయ్ లేదు.

"వస్తున్నవని ఎట్ల తెలుస్తదిరా? సప్పుడే లేకపాయె," అన్నాడు.

"మరి ఎంత చప్పుడుండాలె నాయనా?"

"జెర ఉండాలె," అని నాయన చాయ్ చెప్పడానికి లేచాడు.