చప్పుడు చేసే పంపు

మా హాల్లో టీవీ ఉండాల్సిన చోట అక్వేరియం ఉంది. నాలుగడుగుల గాజు తొట్టె, నిండా ఉప్పునీళ్ళు, కొన్ని రాళ్ళు, ఆ రాళ్ళ మీద గాలికి ఊగే గడ్డిలా కదిలే మెత్తటి పగడాలు. వాటిని సముద్రంలోంచి తీసుకురాలేదు. రాజమండ్రిలో ఒక పెద్దాయన తన తొట్టెలో పెంచి, పిలకలు విడదీసి ఇచ్చినవి. వాటి మధ్య రెండు క్లౌన్ చేపలు ఉండేవి, నారింజ రంగు ఒంటి మీద తెల్ల చారలతో. ఈ జాతిలో పెద్దది ఆడది, చిన్నది మగది. పెద్దది ఎటు వెళ్తే చిన్నది అటు వెళ్ళాలి. మా ఆవిడకి ఈ పద్ధతి బాగా నచ్చింది. "చూసి నేర్చుకోండి" అనేది.

నేను రొయ్యల చెరువుల మనిషిని. మొగల్తూరు దగ్గర ఇరవై ఏళ్ళకి పైగా చెరువులు చేశాను. వరసగా రెండు పంటలు వైరస్‌కి పోయాక వాటిని కౌలుకిచ్చేసి భీమవరంలో ఇల్లు తీసుకున్నాం. కళ్ళ ముందు నీళ్ళు లేకపోతే నాకేమీ తోచలేదు. అందుకే ఈ తొట్టె. చెరువులు సరిపోలేదా, ఇంట్లోకి కూడా తెచ్చుకున్నాడా అని చుట్టాలు నవ్వారు. నవ్వనీ అనుకున్నాను.

ఈ తొట్టె కింద, చెక్క స్టాండులో, ఇంకో చిన్న తొట్టె ఉంటుంది. పై నీళ్ళు గొట్టంలోంచి అందులోకి దిగి శుభ్రపడతాయి. వాటిని తిరిగి పైకి పంపేదాన్ని రిటర్న్ పంపు అంటారు. అరచేతిలో పట్టేంత వస్తువు. అది ఆగితే నీళ్ళు కదలవు, కదలని నీళ్ళలో ప్రాణవాయువు తగ్గిపోతుంది. ఆ తర్వాత ఏమవుతుందో చెరువులు చేసినవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు.

మొదట కొన్న పంపు రోజంతా గుయ్యిమనేది. నాకు ఆ చప్పుడు బాగానే ఉండేది. మా ఆవిడకి పడేది కాదు. ఆవిడ పుట్టిల్లు నిడదవోలు, స్టేషన్ పక్కనే. పెళ్ళైన కొత్తలో చెరువు గట్టు మీది షెడ్డులోనే కాపురం పెట్టాం. నీళ్ళలోకి గాలి కొట్టే ఏరియేటర్ల మోతకి మొదటి నెలంతా ఆవిడకి కంటి మీద కునుకు లేదు. "గోడ పక్కనుంచి గూడ్సు బండి పోతుంటే నిద్రపోయినదానివి, దీనికేమొచ్చింది?" అని ఏడిపించేవాణ్ణి. "బండి వెళ్ళిపోతుందండి. ఇది వెళ్ళదు" అనేది.

నాకు మాత్రం ఆ మోత ఉంటేనే నిద్ర. ఆగిందంటే ఎంత గాఢనిద్రలో ఉన్నా లేచి కూర్చునేవాణ్ణి. చెరువుల దగ్గర పడుకునే వాళ్ళందరికీ ఈ అలవాటు ఉంటుంది. ఆవిడ కంగారుపడి "ఏంటండీ, ఏమైంది?" అంటే, "చప్పుడు ఆగింది" అని ఒక్క ముక్క చెప్పి పరిగెత్తేవాణ్ణి. కరెంటు వచ్చి ఉంటే స్టార్టరు నొక్కాలి, రాకపోతే జనరేటరు వేయాలి. చాలా ఏళ్ళు నా బతుకు ఆ రెండు పనుల మధ్యే గడిచింది.

పోయిన వేసవి మధ్యలో మా ఆవిడకి మోకాలి ఆపరేషన్ అయింది. మంచం హాల్లోకి మార్చాం, సరిగ్గా తొట్టెకి ఎదురుగా. రోజూ నడవాలి, మోకాలు వంచాలి, ఈ రెండు నెలల్లో వంగకపోతే ఇక వంగడం కష్టమని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఈవిడేమో వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేసి, మిగతావి రేపు వేస్తాననేది. నొప్పికి భయపడుతోందని నాకు తెలుసు. తెలిసీ అరిచేవాణ్ణి. నా కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది.

ఆవిడ మంచం దిగేది ఒక్క చేపల కోసమే. పొద్దునా సాయంత్రం మేత వేయడానికి తనే లేచేది. గాజుకి వేలు ఆనిస్తే చిన్నచేప అక్కడికి వచ్చి నిలబడేది. వేలు జరిపితే అదీ జరిగేది. అలా తొట్టె ఈ చివర నుంచి ఆ చివరికి దాన్ని నడిపిస్తూ తనూ నడిచేది. నేను ఇదంతా చూసి చూడనట్టు పేపరు చదువుకునేవాణ్ణి. ఒకరోజు "ఆ పంపు మోత ఒక్కటి లేకపోతే ఎంత హాయిగా ఉంటుందోనండి" అంది. ఆ రోజుల్లో ఆవిడ నోరు తెరిచి అడిగింది అదొక్కటే.

భీమవరంలో పంపులమ్మే కొట్లకి కొదవ లేదు. ఒక కొట్లో అక్వేరియానికి కావాలని చెప్పాను. "ఎన్ని హెచ్‌పీ అండి?" అన్నాడు కొట్టాయన. అరచేతిలో పట్టేది అంటే నా చెయ్యి వంక చూశాడు. ఇత్తడి రెక్కలున్నది తీసుకోమని, ఉప్పునీళ్ళకి అదైతేనే మన్నుతుందని చెప్పాడు. చెరువులకి నేనూ అలాంటివే కొన్నాను. కానీ ఇత్తడిలో రాగి ఉంటుంది, ఆ రాగి కొంచెం నీళ్ళలో కలిసినా పగడాలు బతకవు. ఈ ఒక్క సంగతి నాకు తెలిసినందుకే పెద్ద శాస్త్రవేత్తనైనట్టు ఇంటికొచ్చాను.

చివరికి ఫోన్లో వెతికి ఒకటి తెప్పించాను. ప్లాస్టిక్ ఒళ్ళు, లోపల పింగాణీ ఇరుసు. వేగం పెంచడానికీ తగ్గించడానికీ వైరు చివర చిన్న కంట్రోలరు. గొట్టాన్ని పై తొట్టె ఎత్తుకి కట్టి, వాచీ చూస్తూ బకెట్టు నిండడానికి ఎంతసేపు పడుతుందో కొలిచాను. డబ్బా మీద రాసినన్ని నీళ్ళు అంత ఎత్తుకి ఎప్పుడూ రావు. వచ్చినవి సరిపోతాయి. చెవి ఆనించి విన్నా చప్పుడు లేదు. మా ఆవిడ "హమ్మయ్య" అంది. నేను మీసం మెలేశాను. అన్నీ పరీక్షించాను గానీ, ప్లగ్గు తీసి మళ్ళీ పెట్టి చూడలేదు. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా అనుకున్నాను.

రోహిణి కార్తెలో ఒకరోజు గట్టు తెగిందని కౌలుదారు కబురు చేస్తే మొగల్తూరు వెళ్ళాను. నేను వెళ్ళాక కరెంటు పోయింది. చాలాసేపటి వరకూ రాలేదు. ఇన్వర్టర్ కూడా చేతులెత్తేసింది. మధ్యాహ్నం కరెంటు వచ్చి, ఫ్యాను తిరిగింది. ఫ్యాను తిరిగింది కాబట్టి అన్నీ తిరుగుతున్నాయనుకుని మా ఆవిడ నిద్రపోయింది. పై తొట్టెలో నీటిని కదిలించే చిన్న మోటారు వేరే ఒకటి ఉండాలి. అది పాడై రెండు వారాలైంది. పంపు బాగానే ఉంది కదా అని నేను బద్ధకించాను.

సాయంత్రం నేను వచ్చేసరికి పెద్దచేప నీటి పైకి వచ్చి నోరు తెరిచి కొట్టుకుంటోంది. చిన్నది రాళ్ళ సందులో పక్కకి ఒరిగి, ప్రాణం లేకుండా ఉంది. కంట్రోలరు మీద ఎర్ర లైటు వెలుగుతోంది. కరెంటు పోయి వస్తే మళ్ళీ బటను నొక్కాలట. డబ్బాతో వచ్చిన కాగితంలో చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది ఆ సంగతి. నొక్కాను. చప్పుడు లేకుండా తిరిగింది.

"పక్కనే ఉన్నానండి" అంది మా ఆవిడ. "పక్కనే ఉండి కూడా తెలీలేదు."

తప్పు నీది కాదన్నాను. నిజంగానే నాది. చెరువుల దగ్గర కరెంటు వచ్చాక మోటారు దానంతటది లేస్తుందా లేదా అని నేనెప్పుడూ ఆలోచించలేదు. చప్పుడు ఆగితే లేచి వెళ్ళి నొక్కే మనిషి అక్కడ ఉండేవాడు. ఇక్కడ ఆ చప్పుడునే ఇంట్లోంచి తీసేశాను. ఇదంతా వివరంగా చెప్పాను. ఆవిడ వినిపించుకోలేదు. మర్నాటి నుంచి మేత నన్నే వేయమంది. మంచం లోపలి గదిలోకి మార్చమంది. వాకర్ ముట్టుకోలేదు. నేను అరవలేదు. డాక్టరు చెప్పిన రెండు నెలల్లో ఒకటి అప్పటికే అయిపోయింది. నాకు భయం వేసింది.

ఆ వారంలోనే ఆవిణ్ణి బతిమాలి కారెక్కించి, రాజమండ్రి పెద్దాయన ఇంటికి తీసుకెళ్ళాను. ఆయన కాలేజీ ల్యాబులో పనిచేసి రిటైరయ్యారు. తొట్టెలున్న గదిలో మా ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, సంగతంతా విన్నారు.

"నమ్మకమైన పంపు ఏదండీ?" అని అడిగాను.

"ఆగని పంపంటూ ఉండదండి. ఆగితే మీకు తెలియాలి, చెడితే మీ ఇంట్లోనే బాగుచేసుకోగలగాలి. అంతే చూసుకోండి" అన్నారు.

టబ్బులో మూడు పంపులు పెట్టి, ఒక్కోదానికి ప్లగ్గు పదేసి సార్లు తీసి పెట్టారు. మొదటిది రెండుసార్లు మొరాయించింది. రెండోది ప్రతిసారీ లేచింది గానీ దాని విడిభాగాలు ఇప్పుడు దొరకడం లేదట. మూడోది పాత రకం, ప్లగ్గు పెట్టగానే గుర్రుమని లేచింది. దాన్ని పైకి తీసి, తుడిచి, మా ఆవిడ చేతికిచ్చారు.

"మీరు విప్పండమ్మా."

"నాకేం తెలుసండీ?"

"తెలియాల్సిందేమీ లేదమ్మా, నాలుగే ముక్కలు. లోపల నత్తపిల్లలు దూరతాయి. తీసేసి, కడిగి, మళ్ళీ బిగించేయడమే."

ఆవిడ రెండుసార్లు విప్పి, రెండుసార్లు బిగించింది. మళ్ళీ నీళ్ళలో పెట్టించి, కళ్ళు మూసుకుని వింది.

"దీనికి మోత ఎక్కువమ్మా" అన్నారాయన, ముందే చెప్పడం మంచిదని.

"ఇదే ఇవ్వండి" అంది మా ఆవిడ.

వచ్చేటప్పుడు ఆయన తన దగ్గర పుట్టిన చిన్నచేపని ఒకదాన్ని కవర్లో వేసి ఇచ్చారు. దారంతా ఆవిడ దాన్ని ఒళ్ళోనే పెట్టుకుంది. పంపు బిగించాను, పై తొట్టెలో ఆ చిన్న మోటారు కూడా కొత్తది పెట్టాను. పెద్దచేప కొత్తదాన్ని రెండు రోజులు తరిమి, మూడో రోజు ఊరుకుంది. మంచం మళ్ళీ హాల్లోకి మార్చమంది మా ఆవిడ. నడక మాత్రం మళ్ళీ నాలుగడుగులే. వాకర్ వదలదు, మోకాలు వంచదు. మోత మాత్రం ఇల్లంతా వినబడేది.

రెండో నెల చివర్లో ఒక మధ్యాహ్నం ఆవిడ నిద్రపోతుంటే, తలుపు దగ్గరగా వేసి వీధి చివర కొట్టుకి వెళ్ళాను. వచ్చేసరికి మంచం ఖాళీగా ఉంది. వాకర్ గోడకి ఆనించింది ఆనించినట్టే ఉంది. పడిపోయిందేమోనని అటు తిరిగి చూస్తే, స్టాండు ముందు చిన్న పీట మీద కూర్చుని ఉంది, ఆపరేషన్ అయిన మోకాలు వంచుకుని. పైట తడిసిపోయింది. ఒళ్ళో పంపు నాలుగు ముక్కలు. వేలి కొసన పెసరబద్దంత నత్త.

"ఏంటే, ఏమైంది?" అన్నాను.

ఆవిడ తల కూడా ఎత్తలేదు.

"చప్పుడు ఆగిందండి" అంది.