లెక్కకు రాని ఒక డిగ్రీ

ఇరవై ఏళ్ల కిందట నాకు ఈ ప్రపంచం మీద ఒక గట్టి నమ్మకం ఉండేది: ఏ సమస్యకైనా అడుగున ఒక తీసివేత ఉంటుంది, దాన్ని సరిగ్గా చేస్తే సమస్య ఉండదు. పదో తరగతితో బడి వదిలేసినా లెక్కలు నన్ను వదల్లేదు. పాత పుస్తకాలు తెచ్చుకొని నాకు నేనే చదువుకున్నాను. నాందేడ్ స్టేషన్ వైపు ఫ్రిజ్‌లూ కూలర్లూ అమ్మే ఒక దుకాణంలో మొదటి ఉద్యోగం దొరికినప్పుడు, ప్రతి మిషన్‌తో వచ్చే చిన్న పుస్తకాన్ని అట్ట నుంచి అట్ట దాకా చదివే మనిషిని ఆ దుకాణంలో నేనొక్కణ్ణే. అందుకే అక్కడ అందరూ నన్ను ‘హిశోబ్’ అని పిలిచేవారు. మరాఠీలో లెక్క అని అర్థం. పొగడ్త అనుకొని చాలాకాలం మురిసిపోయాను (సగం పొగడ్తే, ఆ మిగతా సగం సంగతి తర్వాత తెలిసింది).

ఒక ఏప్రిల్ నెలలో మా దుకాణానికి బొక్కల డాక్టర్ వచ్చాడు. ఎముకల డాక్టర్ని మావైపు అలాగే అంటారు, ఆయనకూ అలవాటే. నాసిక్ వైపు ద్రాక్షతోటలున్న స్నేహితుడొకడు ఆయనకు ఏటా కొన్ని వైన్ సీసాలు పంపేవాడట. మామూలు ఫ్రిజ్‌లో పెడితే చల్లదనం ఎక్కువై బిరడాలు ఎండిపోతున్నాయి, బయట పెడితే మా ఊరి ఎండకు లోపలి సరుకు పాడవుతోంది. “వైన్ సీసను ఎట్ల ఉంచాలంటే తమ్మీ,” అని ఆయన నాకు వివరించాడు, “పండవెట్టాలె, కదిలియ్యద్దు, ఎలుతురు తగలద్దు, పన్నెండు నుంచి పదిహేను డిగ్రీలల్ల ఉంచాలె.” తుంటి విరిగినవాడికి చెప్పే జాగ్రత్తలే ఇంచుమించు సీసాకూ చెప్పాడు.

మా దుకాణం యజమాని సేట్ దగ్గర రెండు రకాల వైన్ కూలర్ల కాగితాలున్నాయి. ఒకదానిలో మామూలు ఫ్రిజ్ లాగే కంప్రెసర్ ఉంటుంది. అది ఎంత ఎండకైనా తట్టుకుంటుంది గానీ కొంచెం గురగుర, కొంచెం వణుకు. రెండోదానిలో కంప్రెసరే లేదు. వెనక ఒక చిన్న ఫ్యాన్ తిరుగుతుంది, అంతే. పిల్లి నిద్రపోయినంత చప్పుడు. నేను కాగితం మీద నిలువు గీత గీసి రెండింటి గుణాలూ రాసి, కూడి, రెండోదే మేలని తేల్చాను. గదిలో ఎంత వేడి ఉంటే దానికంటే పదిహేను డిగ్రీలు తగ్గించగలదని పుస్తకంలో ఉంది. దుకాణంలో గోడ మీది థర్మామీటర్ చూశాను, ఇరవై ఏడు. పదిహేను తీసేస్తే పన్నెండు. “సరిగ్గ పన్నెండొస్తది డాక్టర్ సాబ్, రాసిస్త,” అన్నాను. రాసిచ్చాను కూడా.

నా తీసివేతలో తప్పు లేదు. ఇప్పటికీ ఎవరికైనా చూపిస్తాను. కాకపోతే ఆ ఇరవై ఏడు మా దుకాణంలో ఏసీ కింద దొరికిన ఇరవై ఏడు.

మే మొదటి వారంలో డాక్టర్ ఇంటికి రమ్మని కబురు పెట్టాడు. మేడ మీద హాల్లో, స్లాబు కింద, ఆ కూలర్ అద్దం తలుపుతో అందంగా నిలబడి ఉంది. దాని నుదుటి మీద ఎర్రటి అంకెలు ఇరవై మూడు అంటున్నాయి. హాల్లో ముప్పై ఎనిమిది. నేను మనసులో తీసివేశాను. మళ్లీ సరిగ్గానే వచ్చింది, అదే బాధ. “హిశోబ్,” అన్నాడాయన మెల్లగా, “గిది ఫ్రిజ్జా, బీరువనా?” తర్వాత పది రోజుల గడువిచ్చాడు. సంగతి విన్న సేట్ పాన్ నములుతూనే హిందీలో తేల్చేశాడు, “మషీన్ వాపస్ ఆయా తో తూ భీ ఘర్ జా.” మిషన్ వెనక్కి వస్తే నేను ఇంటికి పోవాలి. అప్పటికి నా పెళ్లి కుదిరి నెల కూడా కాలేదు. పిల్లవాడికి ఉద్యోగం ఉందన్న ఒక్క మాట మీదే కుదిరింది.

మర్నాడు థర్మామీటర్ పట్టుకొని డాక్టర్ ఇల్లంతా తిరిగాను. వంటింట్లో హాలు కంటే ఎక్కువ. సామాన్ల గదిలో గాలే లేదు. రోగుల్ని చూసే గదిలో ఏసీ ఉంది గానీ, బొక్కలు చూపించుకోవడానికి వచ్చినవాళ్లు సీసాలు చూసిపోతారని డాక్టర్ ఒప్పుకోలేదు. కింద, పాత రాతిగోడల భాగంలో, రెండే గదులున్నాయి. ఒకటి దేవుని గది. రెండోది డాక్టర్ తల్లిది. ఆమెను ఆ ఇంట్లో అందరూ ‘అవ్వ’ అనేవారు. మంచం మీద కూర్చొని తమలపాకుల ఈనెలు తీస్తూ నన్ను చాలాసేపు చూసింది.

“ఏంది బిడ్డా, పొద్దటి సంది గోడలకు జరం చూస్తున్నవ్?”

చెప్పాను. ఉద్యోగం సంగతి, పెళ్లి సంగతి కూడా చెప్పాను (అడగలేదు, నేనే చెప్పాను). ఆమె నా చేతిలో కాగితం తీసుకొని అంకెల్ని వేలితో పట్టుకుంటూ పోయింది. “అన్ని అర్రలు రాసినవ్. దేవునర్ర ఎందుకు రాయలె?”

“ఆడ కొలిస్తె మంచి నంబరొస్తదేమోనని భయమైంది అవ్వా.”

ఆమె నోట్లో వక్క ఉంది కాబట్టి నవ్వు ముక్కులోంచి వచ్చింది. “దేవుని జోలికి పోకు. నా అర్రల పెట్టు. ఎంతుంది గీడ?”

“ఇరవై ఎనిమిది.”

“చాల్తదా?”

“పదమూడొస్తది అవ్వా.”

“పెట్టు మరి. గని కింది అర నాది. మా కోడలి ఫ్రిజ్జుల నా ఆకులు నల్లగైతున్నయ్.”

అలా పై అరల్లో నాసిక్ సీసాలు, కింది అరలో తడిగుడ్డలో చుట్టిన తమలపాకులు, వాటి పక్కన సాయంత్రం పూజకు మల్లెమొగ్గలు చేరాయి. రెండు రోజులు పదమూడే చూపించింది. ఐదో రోజు మధ్యాహ్నం వెళ్తే పదహారు. జేబులోంచి థర్మామీటర్ తీశాను. గదిలో ముప్పై ఒకటి. అప్పుడు తట్టింది: లోపలి వేడిని ఆ మిషన్ ఎక్కడికో పంపించాలి కదా, వెనక నుంచి అవ్వ గదిలోకే ఊదుతోంది. పుస్తకంలో ఉన్న జాగ్రత్తలన్నీ చేశాను. వెనక జాలీకి పట్టిన దుమ్ము దులిపాను, గోడకూ మిషన్‌కూ నడుమ నాలుగు వేళ్ల జాగా పెంచాను, తలుపు రబ్బరులో కాగితం ముక్క ఇరికించి లాగి బిగువు చూశాను. తర్వాత, మూర్ఖుణ్ణి కాబట్టి, అవ్వకు విజ్ఞానం చెప్పాను. “తలుపు తెరిస్తె బయటి గాలొస్తది అవ్వా. అదిగాక అర్రల మనిషున్నా వేడే. ఒక్కొక్క మనిషి నూరు వాట్ల బల్బు లెక్క.”

“అంటె నేను బల్బునా?”

“లెక్క ప్రకారం అంతే అవ్వా.”

“మా ఆయన ఉన్నప్పుడు గీ మాట ఎన్నడు అనకపాయె,” అని ఆమె మళ్లీ ఈనెలు తీయసాగింది.

పదో రోజు నేనూ డాక్టరూ కలిసి ఆ గదిలోకి వెళ్లాం. అంకెల వైపు నేను చూడలేకపోయాను. ఆయనే చదివాడు, “పద్నాలుగు.” గదిలో ఇరవై తొమ్మిది. అయినా డాక్టర్ మొహంలో అనుమానం పోలేదు. “అమ్మా, దీని వేడి నీకు తగుల్తలేదా? తీసేద్దామా?” అన్నాడు.

“తీస్తె ఊకోను,” అంది అవ్వ. “దీని ఎనక గాలి నా మోకాళ్లకు కాపడం లెక్కుంది. బొక్కల డాక్టరువి, ఇన్నేండ్ల సంది నువ్వు పెట్టినవా కాపడం?”

మిషన్ ఉండిపోయింది. నేనూ ఉండిపోయాను. ఆ రాత్రి నా నోటుబుక్కులో ‘రెండు డిగ్రీలు తగ్గుట, కారణం: జాలీ శుభ్రత ఒకటి, గోడ దూరం ఒకటి’ అని రాసి కింద గీత గీశాను. నిజానికి గోడ దూరం పెంచితే అంత తగ్గదని నాకు అప్పుడే అనుమానం వచ్చింది. ఒక డిగ్రీ ఎక్కువగానే వచ్చింది. కానీ మన పక్షాన వచ్చిన తప్పును ఎవరు వెతుకుతారు. నెలకొకసారి వెళ్లి దుమ్ము దులిపి వచ్చేవాణ్ణి. ఒకసారి నాసిక్ స్నేహితుడు వచ్చి, తను పంపిన సీసానే చేతిలోకి తీసుకొని వాసన చూసి, “ఇందులో మల్లెపూల పరిమళం ఉందే,” అని ఆశ్చర్యపోయాడట. డాక్టర్ తన తల్లి వైపు చూశాడట. ఆమె దేవుని గది వైపు చూసిందట.

అవ్వ పోయిన మరుసటి ఏడు డాక్టర్ కంప్రెసర్ ఉన్న పెద్ద కూలర్ కొనుక్కొని పాతదాన్ని నాకిచ్చాడు. దాన్ని తెచ్చుకోవడానికి వెళ్లినప్పుడు, డాక్టర్ భార్య టీ ఇస్తూ మాటల్లో అంది, “మీ మషీన్ అచ్చిన ఏడు అత్తమ్మ పగటిపూట అర్రల ఉండనే లేదు. తలుపు దగ్గరికేసి ఎండకాలమంత వరండాల పన్నది. ఎందుకత్తమ్మా అంటె, నేను బల్బునట, లోపలుంటె ఆ పిలగాని నౌకరి పోతదట, అన్నది.”

టీ గ్లాసు పట్టుకొని లెక్క వేశాను. అలవాటు, ఏం చేయను. మే నెల మధ్యాహ్నం ఆ వరండాలో నలభై ఒకటి ఉంటుంది. గదిలో ఇరవై తొమ్మిది. నాకు ఒక్క డిగ్రీ ఇవ్వడానికి ఆమె తన మీద పన్నెండు వేసుకుంది.

ఆ కూలర్ ఇప్పుడు మా ఇంట్లో ఉంది. మేము తాగేవాళ్లం కాదు, అందులో తమలపాకులూ మల్లెమొగ్గలూ ఉంటాయి. జాలీ పదిహేను రోజులకొకసారి దులుపుతాను. ఈ మధ్య నాకూ మోకాళ్లు మొదలయ్యాయి. మొన్న మధ్యాహ్నం దాని వెనక చిన్న పీట వేసుకొని కూర్చొని, ఆ గాలికి మోకాళ్లు పెట్టి, థర్మామీటర్ కూడా పెట్టాను. ముప్పై ఆరు. మన ఒంటి వేడి కంటే తక్కువ. దానితో ఏ మోకాలికీ కాపడం కాదు, ఏ లెక్క ప్రకారమూ కాదు.

మా ఇంటామె గదిలోకి వచ్చి చూసి, “గీ మూలకు కూసొని ఏం చేస్తున్నరు?” అంది.

“కాపడం,” అని, థర్మామీటర్ జేబులో పెట్టుకొని ఇంకాసేపు అక్కడే కూర్చున్నాను.