పేరడిగి ఇచ్చే మందు

నర్సింగ్ చివరి సంవత్సరంలో నాకు రాత పరీక్షలంటే భయం ఉండేది కాదు. భయమంతా ప్రాక్టికల్ అంటేనే. బయటి నుంచి ఒక ఎగ్జామినర్ వస్తుంది. వార్డులో ఒక మంచం చూపించి, ఆ పేషెంటుకు ఆ వేళకు ఇవ్వాల్సిన మందు ఇవ్వమంటుంది. చేసే ప్రతి పనినీ పైకి చెబుతూ చేయాలి. ముందు విడతలో నేను అక్కడే తప్పాను. చేసిన పనిలో పొరపాటు లేదు, మాటే బయటికి రాలేదు. ఈసారి కూడా తప్పితే ఇక ఉంచుకునేది లేదని స్కూలు వాళ్ళు చెప్పేశారు. నాన్నకు నర్సు పని మొదటి నుంచీ ఇష్టం లేదు. మౌలాలిలో ఆయనతో పనిచేసేవాళ్ళు నర్సుల గురించి ఏదో అన్నారట. "ఇంకొక్కసారి చూద్దాం. లేకుంటే ఇంట్లనే ఉండు" అన్నాడు. కోపంగా అనలేదు, అందుకే ఆ మాట నిజమని తెలిసింది.

మా ఇల్లు ఉప్పల్‌లో, రింగురోడ్డుకు కొంచెం లోపలికి. రెండు గదులు, ముందు రేకులు వేసిన వసారా. ఆ వసారాలో నవారు మంచం మీద మెడికల్ సర్జికల్ పుస్తకం తెరిచి కూర్చునేదాన్ని. దాని మధ్యలో అద్దెకు తెచ్చిన నవల పెట్టుకుని చదివిన రోజులూ ఉన్నాయి. పుస్తకం అంత లావుగా ఉండేసరికి ఎవరికీ అనుమానం రాలేదు. పరీక్ష దగ్గరపడ్డాక నవలలు మానేశాను. డైరీలో కూడా పాఠాలే రాసుకున్నాను. గుండె మాత్ర ఇచ్చే ముందు నాడిని పూర్తిగా ఒక నిమిషం చూడాలి, అరవైకి తగ్గితే మాత్ర ఆపి డాక్టరుకు చెప్పాలి. పొటాషియం నేరుగా నరంలోకి ఇవ్వకూడదు, సెలైన్‌లో కలిపి మెల్లగా పోనివ్వాలి. రక్తం ఎక్కించేటప్పుడు మొదటి పావుగంట మంచం దగ్గరి నుంచి కదలకూడదు. ఒకసారి చేత్తో రాసుకుంటే ఏదీ మరిచిపోయేదాన్ని కాదు. కాగితం మీద నాకంత ధైర్యం.

నా చేత పైకి మాట్లాడించే పని మా వదిన పెట్టుకుంది. ఆమె చదువు అయిదో తరగతితో ఆగింది. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని వచ్చి, నా మంచం మీద పడుకుని పేషెంటయ్యేది.

"ఈ దినం నాకేం రోగం?"

"షుగర్. కాలికి పుండు."

"అయితే చాయ్‌ల చక్కెర ఎయ్యవు. వేరే రోగం పెట్టు."

నేను పుస్తకం గుండెలకు ఆనించుకుని నిలబడి, "ఇన్సులిన్ ఇచ్చే ముందు పేషెంటు భోజనం సిద్ధంగా ఉందో లేదో చూడాలి" అని గొణిగేదాన్ని.

"ఎవలితోని మాట్లాడుతున్నవ్, గోడతోనా? నేను గిక్కడున్న."

మళ్ళీ చెప్పేదాన్ని.

"జర గట్టిగ చెప్పు. నువ్వు గిట్ల గొణుగుతుంటే సూది దాకా ఎందుకు, ఏం జేస్తున్నవో తెల్వక ఆ భయంతోనే పోత నేను."

మందు ఇచ్చేటప్పుడు అయిదు విషయాలు సరిచూసుకోవాలని మాకు నేర్పారు: మనిషి, మందు, మోతాదు, ఇచ్చే దారి, వేళ. వదినకు ఆ అయిదూ నాకంటే ముందే నోటికి వచ్చేశాయి. ఒకరోజు పప్పులో ఉప్పు వేస్తూ, "మందు సరే, మోతాదు సరే, దారి సరే. మనిషే రాలే, వేళ దాటింది. మీ అన్నకు ఈ దినం మందు లేదు" అంది. నేను నవ్వుతుంటే, "గిదే గొంతు పరీక్షల తియ్యి" అంది.

అయిదింటిలో మొదటిదాని దగ్గర మా టీచరు ఎక్కువసేపు ఆగేది. "మీరు ఫలానా మనిషేనా అని అడగొద్దు. మీ పేరేమిటి అని అడిగి, వాళ్ళ నోటితో చెప్పించండి" అనేది. అలా ఎందుకో వార్డులో నెల రోజులు తిరిగితే అర్థమయ్యేది. ఏ పేరుతో పిలిచినా "అవు సిస్టరమ్మా" అనేవాళ్ళు. కొందరు మర్యాదకు, కొందరు నొప్పికి. మందు ఇచ్చేవాళ్ళకు అడ్డు చెప్పడం ఎందుకని ఇంకొందరు.

స్కూలు, దానికి చేరిన ఆసుపత్రి నాచారంలో ఫ్యాక్టరీల మధ్య ఉండేవి. ఇప్పుడు రెండూ లేవు. మగవాళ్ళ సర్జికల్ వార్డులో ఎప్పుడు చూసినా చేతులు నలిగినవాళ్ళే ఎక్కువ. భువనగిరి, జనగామ వైపు నుంచి పనికి వచ్చినవాళ్ళు. వాళ్ళలో సగం మందికి యాదగిరిగుట్ట దేవుడి పేరే, ఏదో ఒక రూపంలో ఉండేది. ఫ్యాక్టరీ నుంచి వచ్చే చీటీలో ఆ పేరొక్కటే ఉండేది. ఊరు, ఇంటిపేరు ఉండేవి కావు. కేసు షీటును మంచం కాళ్ళ వైపు కడ్డీకి తగిలించేవాళ్ళం. పిలుపంతా మంచం నంబరుతోనే.

పరీక్ష రోజు నా వంతు వచ్చేసరికి పది కావస్తోంది. ఎగ్జామినర్ మేడమ్ సన్నగా, జుట్టు నెరిసి ఉంది. పక్కన మా వార్డు సిస్టర్. గుంటూరు వైపు మనిషి, మాట పెద్దది. మేడమ్ మూడో మంచం చూపించింది.

"పది గంటల పెన్సిలిన్. మొదలుపెట్టమ్మా."

షీటు తీసి చదివాను. కుడిచేతి రెండు వేళ్ళు ప్రెస్సులో నలిగాయి. పెన్సిలిన్ పడుతుందో లేదో ముందే చూశారు, పడుతుందని రాసి ఉంది. చేతులు కడుక్కుని, మరగబెట్టిన సిరంజి తీసి, సీసా మీది మందు పేరు, గడువు, మోతాదు చదివాను. అక్కడిదాకా గొంతు ఎలాగో వచ్చింది.

మంచం మీది మనిషి కుడిచేతికి కట్టుతో మగతగా పడుకుని ఉన్నాడు. పొద్దున కట్టు మార్చేటప్పుడు నొప్పికి సూది ఇచ్చారట. పక్కన నేల మీద అతని భార్య కూర్చుని ఉంది. నా వయసే ఉంటుంది. వంగి అతని భుజం తట్టి, "మీ పేరేంటి?" అని అడిగాను.

"ఊఁ" అన్నాడు.

ఇంకోసారి అడిగినా అంతే.

సిస్టరుకు ఓపిక చాలలేదు. "పేరు పెట్టి పిలువమ్మా, పలుకుతాడు" అని, షీటులో ఉన్న పేరుతో తానే గట్టిగా పిలిచింది. "ఊఁ" అన్నాడు. "అదిగో, పలికాడుగా! ఇంక ఇవ్వు."

మేడమ్ నన్నే చూస్తోంది. ఇచ్చేస్తే అయిపోతుంది. కానీ ఆయన దేనికైనా ఊఁ అనేటట్టే ఉన్నాడు. నేను భార్య వైపు తిరిగాను.

"మీ ఆయన పేరు చెప్పమ్మా."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "గుట్ట మీది దేవుని పేరే సిస్టరమ్మా."

"ఆ దేవుడి పేర్లలో ఏ పేరు?"

ఆమె తల వంచుకుంది. మా వదిన కూడా నా ముందు అన్నను 'మీ అన్న' అనడమే గానీ, పేరు పలకగా ఇన్నేళ్ళలో నేను వినలేదు. మొగుడి పేరు నోట పలికితే అతని ఆయుష్షు తగ్గుతుందని ఆ వైపు ఆడవాళ్ళ నమ్మకం. మొగుడు చేయి నలిగి పడి ఉన్నప్పుడు ఈ పిల్ల ఎలా చెబుతుంది?

"ఏమ్మా, నోట్లో ముత్యాలున్నాయా? చెప్పు!" అంది సిస్టర్. పక్క మంచాల వాళ్ళు నవ్వారు. ఆ పిల్ల ఇంకా ముడుచుకుపోయింది. అంతమంది చూస్తుంటే నోరు ఎలా మూసుకుపోతుందో నాకు ఒకరు చెప్పనక్కర్లేదు. ట్రే బల్ల మీద పెట్టి, నేల మీద ఆమె పక్కన కూర్చున్నాను. చెవి ఆమె నోటి దగ్గర పెట్టి, "నాకొక్కదానికి చెప్పు. నీ మాట ఎవ్వరికీ ఇనబడదు" అన్నాను.

ఆమె కొంగు మా ఇద్దరి ముఖాలకూ అడ్డం పట్టుకుంది. తర్వాత చెప్పింది. దేవుడు ఆయనే. పేరు మాత్రం షీటులో ఉన్నది కాదు.

లేచి నిలబడ్డాను. సిస్టర్ నా మీద ఎంత అరిచినా రెండేళ్ళు పని నేర్పిన మనిషి. ఆమె వార్డులో మంచాలు తారుమారయ్యాయని బయటి మనిషి ముందు చెప్పాలి. చెప్పకుండా సూది చేయడానికి మాత్రం వీల్లేదు.

"ఈయన ఈ షీటు పేషెంటు కాదు మేడమ్" అన్నాను.

"వినబడలేదు."

"ఈయన ఈ షీటు పేషెంటు కాదు! ఈయనకు నేను ఈ మందు ఇవ్వను."

వార్డు చివరిదాకా వినబడింది. అయిదో మంచం మీద కూర్చున్న మనిషి, అతనికీ కుడిచేతికే కట్టు, ఎడమ చేయి పైకెత్తాడు.

"గాయన తప్పు గాదు మేడమ్. నేనే మార్పిన. రాత్రంత నొప్పికి ఒర్రుతనే ఉన్నడు. ఈడ ఫ్యాను తిరుగది. నా మంచంల పండుకో అన్న. సిస్టరమ్మ నా పేరు పిలిస్తే, తిడ్తదని పలుకలే."

మేడమ్ స్వయంగా వెళ్ళి అయిదో మంచానికి తగిలించిన షీటు చూసింది. పైన ఎర్ర సిరాతో రాసి ఉంది: పెన్సిలిన్ పడదు. ఆమె దాన్ని సిస్టర్ చేతిలో పెట్టింది. సిస్టర్ చదివి, పక్కనున్న స్టూలు మీద కూర్చుంది.

"ఆ అమ్మాయి పేరు చెప్పకపోయి ఉంటే?" అని నన్ను అడిగింది మేడమ్.

"ఇవ్వను మేడమ్."

"వేళ దాటిపోతుంది."

"దాటినా ఇవ్వను. డాక్టరుకు చెబుతాను. ఆయన పూర్తిగా లేచాక అడిగి ఇస్తాను."

తర్వాత అయిదో మంచం మనిషిని పేరడిగి, చెప్పించుకుని, అతనికి పెన్సిలిన్ ఇచ్చాను. ఇచ్చాక దద్దురు, ఆయాసం వస్తాయేమో ఎందుకు చూడాలో, వస్తే ఏ మందు సిద్ధంగా ఉండాలో చెప్పాను. గొంతు మళ్ళీ చిన్నదైంది కానీ మధ్యలో ఆగలేదు. మేడమ్ కాగితం మడుస్తూ, "మామూలుగా మేం చెప్పకూడదు. చెబుతున్నాను, నువ్వు పాసు. మార్కులు మాత్రం ఎక్కువ వెయ్యలేను, సగం మాటలు నాకు అందలేదు" అంది. నిజమే. మా బ్యాచిలో ప్రాక్టికల్ మార్కులు అందరికన్నా నాకే తక్కువ వచ్చాయి.

మధ్యాహ్నం సిస్టర్ నన్ను పిలిచింది. తిడుతుందనుకున్నాను. ప్లాస్టరు చుట్ట, కత్తెర, పెన్ను నా చేతిలో పెట్టింది. "నా పరువు తీశావు. తీస్తే తీశావులే. ఆ మందు లోపలికి పోయుంటే పరువుతో పోయేదా? పో, అందరి చేతులకూ పేర్లు రాసి అంటించు. మంచాలకు కాదు, మనుషులకు."

మంచం మంచానికీ పేర్లు అడుగుతూ మూడో మంచం దగ్గరికి వచ్చాను. అతను లేచి గోడకు ఆనుకుని గంజి తాగుతున్నాడు. నేను అడగ్గానే పేరు చెప్పాడు. భార్య చెవిలో చెప్పిందే. ప్లాస్టరు మీద రాసి అతని ఎడమ మణికట్టుకు అంటించాను. ఆమె నా వెనక నిలబడి, "పొద్దుగాల నేను చెప్పిన అని ఆయనకు చెప్పకు సిస్టరమ్మా" అని గుసగుసగా అంది.

అతను మణికట్టు తిప్పి చూసుకున్నాడు. "ఇదేంది, కొత్తగ? పొద్దుగాల ఏమన్న అయ్యిందా?"

ఆమె నా వైపు చూసింది.

"వార్డు రూలు" అని, నేను నాలుగో మంచం దగ్గరికి వెళ్ళాను.