వాక్యానికి ముందు పడవ

సరళకుమారి పనిచేసే పిల్లల వార్డులో ఏ బిడ్డ పుట్టినరోజు వచ్చినా మంచం కమ్మీలకు బుడగలు కట్టేది ఆమే. సెలైను సీసా వేలాడే ఇనుప స్టాండుకు రంగుకాగితం చుట్టి, సూది భయంతో బిగుసుకుపోయిన పిల్లవాణ్ణి నవ్వించి, వాడి తల్లి తెచ్చిన కేకును వార్డంతటికీ పంచేదీ ఆమే. అదే మనిషి తన కూతురు అబిగెయిల్ పుట్టినరోజుకు సెలవు కావాలంటే మాత్రం ఆ పెద్దాసుపత్రి ముఖం చిట్లించేది. జూన్ ఎండలకు ఢిల్లీ పిల్లలందరికీ ఒక్కసారిగా వాంతులూ విరేచనాలూ పట్టుకుంటాయి, మంచానికి ఇద్దరు పడుకుంటున్నారు, ఇప్పుడు సెలవేమిటి సిస్టర్, అనేవారు. ఆ మాట అబద్ధం కాదు. అయితే అదే జూన్‌లో పెద్ద డాక్టర్లు కుటుంబాలతో సహా కొండప్రాంతాలకు చల్లగాలికి వెళ్లడానికి ఏ వాంతులూ అడ్డురాలేదన్నదీ అబద్ధం కాదు. ఎండలో నిలబడేవారిని ఎవరు ఎంపిక చేస్తారో, నీడలో కూర్చునేవారిని ఎవరు ఎంపిక చేస్తారో ఇన్నేళ్లలో ఆమెకు ఒక్కరూ వివరించలేదు.

రేపల్లె దగ్గరి పల్లె నుంచి నర్సు శిక్షణ ముగించుకుని, ఒక రేకుపెట్టెతో ఢిల్లీ రైలెక్కిన మనిషి ఆమె. బాపట్ల ప్రాంతంవాడైన బాబురావును పెళ్లాడింది. ఆయన ఫరీదాబాదులో ట్రాక్టరు విడిభాగాల కర్మాగారంలో స్టోర్‌కీపరు. ఇల్లు వెదికేటప్పుడు, రాత్రి డ్యూటీలకు వెళ్లే ఆడదానికి గది ఇచ్చేది లేదని ముఖం మీదే తలుపు వేసినవాళ్లు ఆ సెక్టారులో ఉన్నారు. తరువాత తమ ఇళ్లలో జ్వరం వచ్చినప్పుడు వాళ్లంతా తట్టింది సరళ తలుపునే. ఆమె ప్రతిసారీ తీసింది.

ఇక పుట్టినరోజు సంగతి. ఢిల్లీలోని వారి తెలుగు సంఘంలో పుట్టినరోజంటే కృతజ్ఞతా కూడిక. పాస్టరు గారూ, సంఘ పెద్దలూ కుటుంబాలతో ఇంటికి వస్తారు. పాట, ప్రార్థన, మళ్లీ పాట, దేవుడు తమకు చేసిన మేలును నలుగురిలో లేచి చెప్పే సాక్ష్యాలు, ఆ తరువాత వాక్యం, అంటే పాస్టరు గారి ప్రసంగం. అది ముగిశాకే కేకూ భోజనాలూ. ఈ ఆచారాన్ని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. ఊరు కాని ఊరిలో ఒకరికొకరు చుట్టాలై నిలబడ్డవాళ్లు వాళ్లు. సరళ కాన్పు సమయంలో క్యారియర్లు మోసింది ఆ సంఘంలోని ఆడవాళ్లే. కాకపోతే ఎవరి పేరు మీద అందరూ కూడుకున్నారో ఆ పిల్లను మరిచిపోవడం మాత్రం ఏ విధంగానూ సమర్థించదగినది కాదు.

కిందటి సంవత్సరం జరిగింది అదే. కరెంటు పోయింది. రెవరెండ్ ప్రేమానందం గారు కొవ్వొత్తి వెలుగులో వాక్యం మొదలుపెట్టారు. ఆయన మంచి మనిషి, గొంతు అంతకంటే మంచిది. ముగించడం ఒక్కటే ఆయనకు చేతకాదు. "చివరగా ఒక్క మాట" అన్నాక కూడా ఆయన దగ్గర బోలెడు మాటలు మిగిలి ఉంటాయి. అబిగెయిల్ కొత్త గౌనులోనే సోఫా మూలకు ఒరిగి నిద్రపోయింది. నిద్రపోతున్న పిల్ల చేతిలో చాకు పెట్టి, ఆ చెయ్యి పట్టుకుని ఎవరో కేకు కోయించారు. సరళ అప్పటికే రాత్రి డ్యూటీకి షటిల్ రైలులో ఉంది.

తెల్లవారి ఆమె ఇంటికి వచ్చేసరికి పిల్ల మంచం మీద కూర్చుని ఉంది.

"మమ్మీ, మేరా బర్త్‌డే హో గయా క్యా?"

"అయిపోయిందమ్మా."

"ముఝే తో పతా హీ నహీఁ చలా," అంది అబిగెయిల్. తనకు తెలియకుండానే తన పుట్టినరోజు వచ్చి వెళ్లిపోయిందని ఆ పిల్ల బాధ. తల్లికి బాగా అర్థం కావాలని తెలుగులో అడిగింది: "నెక్స్ట్ బర్త్‌డే నాదే కదా? పాస్టర్ అంకుల్‌ది కాదు కదా?"

సరళ యూనిఫారం విప్పకుండానే మాట ఇచ్చింది.

అందుకే 1996 జూన్‌లో, అబిగెయిల్‌కు ఆరేళ్లు నిండే శనివారాన్ని, ఆమె యుద్ధానికి దిగినట్టు సంపాదించుకుంది. తనతో పనిచేసే కేరళ నర్సు ఏలియమ్మకు బదులుగా ముందే రాత్రి డ్యూటీలు చేసిపెట్టి, ఆ రోజు తన డ్యూటీ చెయ్యడానికి ఆమెను ఒప్పించింది. ఆ వేసవిలో అప్పటికే ఒక ఆదివారం జూ చూడబోయి మానుకున్నారు, మరొక సెలవుదినం బడ్ఖల్ సరస్సుకు అన్నం మూట కట్టుకుని కూడా మానుకున్నారు. రెండుసార్లూ ఆసుపత్రి నుంచే పిలుపు. ఇంటి యజమానుల మనవరాలు ముస్సోరీ వెళ్లివచ్చి, "తూ కహాఁ గయీ ఛుట్టియోఁ మేఁ?" అని, సెలవులకు నువ్వెక్కడికి వెళ్లావని, మెట్ల మీద అడిగితే, ఎక్కడికీ వెళ్లని అబిగెయిల్ తల ఎత్తుకుని, "ఇండియా గేట్ జాయేంగే. బోట్ మేఁ," అని వీధి వీధంతా చాటింది. ఇక వెనక్కు తగ్గడానికి లేదు. తల్లి, తండ్రి, కూతురు, ఒక పడవ. కేకు వద్దనుకుంది సరళ. కేకు ఉంటే కోయాలి, కోయాలంటే ప్రార్థన చెయ్యాలి, ప్రార్థన అంటే పాస్టరు గారిని పిలవాలి, పాస్టరు గారు వస్తే వాక్యం ఉండి తీరుతుంది.

ఇంత జాగ్రత్తా బాబురావు నోటిలో కరిగిపోయింది. అంతకు ముందు ఆదివారం సరళ డ్యూటీలో ఉండగా ఆయన ఒక్కడే ఆరాధనకు వెళ్లాడు. ప్రార్థన అంశాలేమైనా ఉన్నాయా అని అడిగే వేళ లేచి నిలబడ్డాడు. ఆ సంఘంలో అమ్మాయి పరీక్షకూ, అబ్బాయి ఇంటర్వ్యూకూ, ఊరికి రైలెక్కడానికీ ప్రార్థన అడగడం వాడుక. అడగకపోతే మనసు ఒప్పుకోదు.

"వచ్చే శనివారం మా పాప పుట్టినరోజండి. సాయంత్రం ఆరింటికి ఇండియా గేటు కాడ పడవల దగ్గరికి వెళ్తన్నాం. ప్రయాణం గురించి ప్రార్థన చెయ్యండి."

స్టోర్‌లో పనిచేసే మనిషి. ఏ వస్తువైనా ఎక్కడ, ఎప్పుడు అన్నది పూర్తిగా చెప్పనిదే ఆయనకు తృప్తి ఉండదు. సంఘ కార్యదర్శి దైవసహాయం గారు ఆ మాటలు శ్రద్ధగా విని, ఆరాధన చివర మళ్లీ చెప్పి, "అందరూ గమనించగలరు" అని చేర్చారు. స్థలమూ వేళా చెప్పి నలుగురిలో ప్రకటించిన పుట్టినరోజు ఆ సంఘంలో పిలుపు కాక మరేమవుతుంది? అందరూ గమనించారు.

శనివారం ముగ్గురూ షటిల్‌లో తిలక్ బ్రిడ్జి దగ్గర దిగి, ఆటోలో ఇండియా గేటు చేరారు. పసుపుపచ్చ గౌనులో అబిగెయిల్ ఆటో ఆగకముందే దూకబోయింది. వేడిగాలికి ముఖాలు మండుతున్నా, దూరాన కాలువ నీటి మీద రంగురంగుల తొక్కుడు పడవలు తిరుగుతున్నాయి. పడవల రేవు పక్కన పచ్చిక మీద జంపఖానాలు పరిచి ఉన్నాయి. జంపఖానాల మీద సంఘం కూర్చుని ఉంది.

పాస్టరు గారు తెల్లబట్టల్లో మధ్యన ఉన్నారు. ఆయన పక్కన పాటల మాస్టారు కంజిరతో ఉన్నారు. ఆడవాళ్ల పక్కన చికెన్ పలావు గిన్నెలు, పెరుగుపచ్చడి డబ్బాలు, ఎవరో ప్రేమగా చేయించి తెచ్చిన కేకు.

"రండి రండి! అందరం వచ్చేశాం, మీరే ఆలస్యం," అన్నారు దైవసహాయం గారు.

సరళ భర్త వైపు తిరిగింది. "ఏవండీ, ఏంటిది?"

"నేను ప్రార్థన చెయ్యమన్నానంతే, సరళా."

"చేస్తన్నారుగా. కళ్లారా చూసుకోండి."

అబిగెయిల్ ఏడవలేదు. తల్లి చేతిలోంచి తన చెయ్యి తీసుకుని, "ఫిర్ సే?" అంది. మళ్లీనా, అని. ఏడ్చి ఉంటే సరళ ఓదార్చగలిగేది. ఆ ఒక్క మాటకు ఆమె దగ్గర మందు లేదు.

దైవసహాయం గారి భార్య రూతమ్మ పిల్లను దగ్గరకు లాక్కుంది. "ఏం పిల్లా, మూతి ముడుస్తావేం? పడవా? ఎక్కుదువులే. పడవ ఎక్కడికి పోద్ది? ముందు ప్రార్థన."

కానీ పడవ పోయేదే. రేవు దగ్గర టిక్కెట్లిచ్చే మనిషిని సరళ అప్పటికే అడిగి వచ్చింది. "అంధేరా హోతే హీ బంద్, దీదీ," అన్నాడతను. చీకటి పడితే కట్టేస్తారు.

పాట అయింది. ప్రార్థన అయింది. అయిదు చరణాలతో మరో పాట అయింది. రాష్ట్రపతి భవన్ వెనక్కు సూర్యుడు జారుతున్నాడు. రేవులో ఒక పడవను ఒడ్డుకు లాగి గొలుసు వేశారు, తరువాత ఇంకొకటి. అబిగెయిల్ గొలుసు చప్పుడు విన్నప్పుడల్లా అటు చూస్తోంది. ప్రేమానందం గారు గొంతు సవరించుకున్నారు.

"వాక్యానికి ముందు ఎవరైనా సాక్ష్యం చెప్పాలనుకుంటే చెప్పవచ్చు," అన్నారు దైవసహాయం గారు, ఎవరూ చెప్పరన్న ధైర్యంతో. ఆడవాళ్లు అటువంటి పిలుపుకు లేవడం ఆ సంఘంలో అరుదు. సరళ అయితే ఎన్నడూ లేవలేదు.

ఇప్పుడు లేచింది.

"అయ్యగారికీ పెద్దలకూ వందనాలు. వార్డులో తప్ప నాకు గట్టిగా మాట్లాడటం అలవాటు లేదు. ఈ పిల్లను కన్న రోజు తప్పిస్తే, దీని పుట్టినరోజున నేను దీని దగ్గర ఎప్పుడూ లేను. మీ పిల్లలకు జ్వరాలొచ్చినప్పుడు ఉన్నాను. దైవసహాయం గారి మనవడికి ఫిట్స్ వచ్చిన రాత్రి ఉన్నాను. దీని దగ్గర లేను. ఇవ్వాళ ఉన్నాను. అందుకు దేవునికి స్తోత్రం."

"స్తోత్రం," అన్నారు అందరూ, సాక్ష్యం అయిపోయిందనుకుని.

"ఇంకా ఉందండీ," అంది సరళ. "దీనికి కావలసింది పడవ ఒక్కటే. అటు చూడండి, కట్టేస్తన్నారు. వాక్యం తరవాత పడవ ఉండదు. పడవ తరవాత వాక్యం ఉంటది."

దైవసహాయం గారు ఉలిక్కిపడ్డారు. "కూడిక మధ్యలో లేస్తే ఎట్లాగమ్మా? ఒక క్రమం అంటూ ఉంది కదా!"

"క్రమం నాకూ తెలుసండీ. వార్డులో ముందు ఎవరికి ఊపిరి ఆడట్లేదో వాళ్ల దగ్గరికి పోతాం. మిగతావాళ్లు ఎంతటి పెద్దవాళ్లయినా ఆగుతారు." ఆమె పాస్టరు గారి వైపు తిరిగింది. "పడవలో కూర్చుని బోధించడం మన ప్రభువుకు కొత్త కాదు కదా అయ్యగారూ. మీరూ ఎక్కండి."

 బాబురావు తన చెప్పులకేసి చూసుకుంటున్నాడు. ప్రేమానందం గారు ఒళ్లో తెరిచి పెట్టుకున్న పుస్తకాన్ని మూశారు. మొదట ఆయన భుజాలు ఊగాయి, తరువాత నవ్వు బయటికి వచ్చింది.

"నిజమేనమ్మా. నేను ఇన్నాళ్లూ ఒడ్డున కూర్చునే చెప్తన్నాను," అని చెప్పులు చేత పట్టుకున్నారు. "దైవసహాయం గారూ, లేవండి. మీరు నా పడవలో."

తెలుగు సంఘం ఇండియా గేటు పచ్చిక మీద పరుగెత్తింది. చీరలు ఎత్తిపట్టుకుని కొందరు, పలావు గిన్నెలకు కాపలా ఎవరని అరుస్తూ కొందరు. అందరికంటే ముందు పసుపుపచ్చ గౌను.

రేవు మనిషి గొలుసు పట్టుకుని అడ్డం నిలబడ్డాడు. "బంద్ హో గయా, దీదీ."

"భయ్యా, ఏక్ చక్కర్. బచ్చీ కా జనమ్‌దిన్ హై," అంది సరళ. పాప పుట్టినరోజు, ఒక్క చుట్టు, అని.

అతను ఆమె వెనక వస్తున్న జనాన్ని చూసి నోరు తెరిచాడు. "యే సబ్ బచ్చీ కే రిష్తేదార్ హైఁ?"

సరళ వెనక్కు తిరిగి చూసింది. ఆయాసపడుతున్న రూతమ్మ, ఒక చెప్పు జారవిడుచుకున్న దైవసహాయం గారు, కంజిర వదలకుండా తెచ్చిన పాటల మాస్టారు.

"సబ్," అంది. అందరూ చుట్టాలే.

గొలుసులు విప్పారు. ఏ పడవలో ఎవరు ఎక్కాలో అబిగెయిల్ నిర్ణయించింది. వేలు చూపి, "ఆప్ ఉస్‌మేఁ, అంకుల్. ఆంటీ, ఆప్ నీలీ వాలీ," అంటుంటే పెద్దలు మారు మాటాడకుండా ఎక్కారు. రూతమ్మ నీలం పడవలో కూర్చోగానే, "అమ్మో, ఇది ఊగుతాందే!" అని కేకవేసి, రెండు నిమిషాల్లో అందరికంటే గట్టిగా నవ్వడం మొదలుపెట్టింది. దైవసహాయం గారు ఒక్కరే తొక్కడం వల్ల పాస్టరు గారి పడవ ఉన్నచోటే గుండ్రంగా తిరిగింది.

"మీరు కూడా తొక్కాలి అయ్యగారూ!"

"తొక్కితే మాట రావట్లేదయ్యా!"

"వద్దులెండి, తొక్కండి చాలు!" అని పక్క పడవలోంచి ఎవరో అన్నారు. కాలువ పొడవునా నవ్వు పాకింది.

సరళ, అబిగెయిల్ పక్కపక్కన కూర్చున్నారు. వెనక సీట్లో బాబురావు ఒదిగి కూర్చున్నాడు. అన్నీ వివరంగా చెప్పే మనిషి ఆ సాయంత్రానికి వివరాలు మానుకున్నాడు. పిల్ల కాళ్లు పెడళ్లకు సరిగా అందవు. అయినా సీటు అంచుకు జరిగి తొక్కుతూనే ఉంది. చెమటతో గౌను వీపుకు అతుక్కుపోయింది. ముందు కాలువ మీద చిన్న వంతెన కనిపించింది.

పాస్టరు గారి పడవ ఎట్లాగో దారిలో పడి వాళ్ల పక్కకు వచ్చింది. ఆయన రొప్పుతూ చెయ్యి ఊపారు. అబిగెయిల్ ఆయన్ను కాసేపు పరిశీలించింది. ఇవాళ తన చేతిలో ఉన్న అధికారాన్ని ఎంత ఖర్చుపెట్టాలో ఆలోచిస్తున్నట్టుంది.

"అంకుల్, ఇప్పుడు ప్రేయర్ చేసుకోండి," అంది.

"ఇక్కడా తల్లీ? ఎంతసేపు?"

"వో పుల్ తక్."

వంతెన దాకా. ప్రేమానందం గారు ఆ దూరాన్ని కంటితో కొలుచుకుని, కళ్లు మూసుకున్నారు. ఒక్కొక్క పడవా నెమ్మదించింది. కంజిర ఆగింది. ఆ బిడ్డకు ఆయుస్సూ ఆరోగ్యమూ, ఆ తల్లి చేతులకు బలమూ ఇమ్మని ఆయన రెండే వాక్యాల్లో అడిగారు. సరళ తల వంచింది కాని కాళ్లు ఆపలేదు.

"ఆమెన్" అన్న మాట అన్ని పడవల్లోంచీ ఒకేసారి వచ్చింది. ఆ వెంటనే, "ఓవర్‌టేక్, మమ్మీ!" అన్న అరుపు. వంతెన అవతలి వెలుగులోకి మొదట వచ్చిన పడవ అబిగెయిల్‌ది.