అత్త పేరు రాసిన రోజు

నిన్న పొద్దున పటమటలోని మా ఫ్లాట్లో ఒక్కదాన్నే కూర్చుని కాఫీ తాగుతూ టీవీ పెట్టాను. ఎక్కడిదో యుద్ధం, చెర నుంచి విడుదలై బస్సు దిగుతున్న సైనికులకు ఒకావిడ భర్త ఫోటో చూపిస్తూ, ఈయన్ని చూశారా అని ఒక్కొక్కరినీ అడుగుతోంది. గబుక్కున టీవీ కట్టేశాను గానీ, చల్లపల్లిలోని మా మేనత్త కళ్ళముందు నుంచి కదలలేదు.

డెబ్బై ఒకటి యుద్ధానికి వెళ్ళిన మామయ్య తిరిగి రాలేదు. మన ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో పెళ్ళయినా చావయినా కార్డు ముక్క మీద రావలసిందే. అత్తకు మాత్రం ఆచూకీ తెలియడం లేదన్న కాగితం ఒక్కటే వచ్చింది. ఆవిడ ప్రతి ఆదివారం తల్లో కనకాంబరాలు పెట్టుకుని మరీ చర్చికి వచ్చేది. ఎవరికోసమమ్మా ఈ సింగారం అని వెనక ఆడవాళ్ళు మూతులు తిప్పేవారు. కుండకైతే మూకుడు పెట్టొచ్చు, ఊరి నోటికి పెట్టగలమా! పెళ్ళికూతురికి నలుగు పెట్టడానికి ఆవిణ్ణి పిలవాలంటే జంకేవారు, పోనీ విధవరాళ్ళ ప్రార్థనకూ పిలిచేవారు కాదు.

మా సంఘంలో క్రిస్మస్‌కు విధవరాళ్ళకు చీరలు పంచేవారు. యుద్ధమైన ఐదేళ్ళకు, నా దస్తూరీ బాగుంటుందని పాస్టరుగారు ఆ జాబితా నన్ను రాయమన్నారు. పదిహేడేళ్ళదాన్ని, పైగా పెద్ద దయగలదాన్నని నా నమ్మకం! అత్త చీర చిరుగులు కుట్టుకోవడం చూసి, ఒక కొత్త చీరయినా దక్కుతుంది కదా అని, ఎవర్నీ అడక్కుండా ఆవిడ పేరు చివర్న రాసేశాను.

పండగనాడు పాస్టరుగారు పేరు చదివితే అత్త లేవలేదు. మళ్ళీ చదివారు. అప్పుడు లేచి, తలొంచుకుని వెళ్ళి, చీర తీసుకుని, తిన్నగా వచ్చి నా ఒళ్ళో పెట్టింది.

“నీ రాతేనంటగా. మీ మావయ్య పోయాడని నీకెవరు చెప్పారే అమ్మాయ్?”

నన్ను దెప్పడానికి కాదు, నిజంగానే అడిగింది; నాకేమైనా కబురు తెలిసిందేమోనని భయంభయంగా నా మొహంలోకి చూసింది.

ఆ మరుసటి ఆదివారం పూలు లేకుండా వచ్చి, విధవరాళ్ళ చాప మీద ఒక మూల కూర్చుంది. ఏదో మర్యాద చేస్తున్నట్టు అందరూ జరిగి చోటిచ్చారు. ఐదేళ్ళుగా ఊరంతా కలిసి చేయించలేని పని, పాపిష్టిదాన్ని, ఒక్క పేరు రాసి నేను చేయించాను. నేను ఊరు విడిచి వచ్చేశాక, తప్పయిపోయిందత్తా అని చెబుదామని ఎన్నిసార్లు వెళ్ళానో, వెళ్ళిన ప్రతిసారీ ఆవిడ పెట్టింది తిని, ఏమీ చెప్పకుండానే బస్సెక్కేశాను. అత్త పోయి కూడా చాలా ఏళ్ళయింది.

ఇప్పుడు మా సంఘంలో పేర్లు పైకి చదవరు, చీరలు గుట్టుగా ఎవరింటికి వాళ్ళకు చేరతాయి. మనుషులు నొప్పించకుండా ఇవ్వడం నేర్చుకున్నారు, సంతోషమే. అత్త అడిగినదానికి మాత్రం ఆరోజు చెప్పవలసిన జవాబు ఇన్నేళ్ళూ నాలోనే ఉండిపోయింది. మామయ్య పోయాడని నాకెవ్వరూ చెప్పలేదు.