ఎంగిలి నియమానికి వచ్చిన ఆక్షేపణ

మా ఇంట్లోకి రెండు కుక్కలు రావడానికి నేను ఎన్నడూ సమ్మతించలేదు. ఈ సంగతి నా దినచర్య పుస్తకంలో తేదీతో సహా నమోదై ఉంది. "ఆక్షేపించడమైనది" అని ఎర్ర సిరాతో రాసి, కింద సంతకం కూడా చేశాను. ఆ పుటను ఇంట్లో ఎవరూ చదవలేదు. రాసింది చదివే అలవాటు మా వాళ్ళకు ఉండి ఉంటే వ్యవహారం కుక్కల దాకా వచ్చేదే కాదు.

మాది చిక్కడపల్లిలో మూడో అంతస్తు. మా ఆవిడ వంటింట్లో నిలబడే నాలుగు మెతుకులు తింటుంది. కొడుకుది ఊళ్ళు తిరిగే ఉద్యోగం. కోడలు హిమాయత్‌నగర్‌లోని బ్యాంకుకు పరుగెడుతుంది. ఉప్మా డబ్బా లిఫ్టులోనే ఖాళీ చేస్తుంది. మనవరాలు నారాయణగూడలో ఇంటర్ చదువుతున్నదని వినికిడి. స్నానాల గది ముందు రోజూ వరుస కడతాం. పండుగనాడు తప్ప అందరం కలిసి కూర్చుని తిన్న దాఖలా నా పుస్తకంలో లేదు. ఇంత తీరిక ఉన్న ఇంటికి కుక్కలు ఒక్కటే తక్కువైనాయట.

వీధికుక్కలను చేరదీసే బృందం నుంచి వాటిని తెచ్చింది కోడలు.

"మామయ్యా, కొన్ని రోజులు చూస్తం. పొసగకపోతే వాపస్ ఇస్తం" అన్నది.

"పొసగలేదు" అన్నాను.

"ఇంక గేటు కూడ దాటలే అవి" అన్నది మనవరాలు.

పేర్లు పెట్టడానికి కుటుంబ సమావేశం జరిగింది. తీర్మానం లేకుండానే ముగిసింది. కాబట్టి నా పుస్తకంలో అవి "మొదటిది", "రెండవది"గానే నమోదయ్యాయి. మొదటిది గోధుమరంగు పిల్ల. అది తినని వస్తువు మా ఇంట్లో లేదు. నా ఎడమకాలి చెప్పును తిన్నది. పంచాంగాన్ని కార్తీకం మొదలుకొని చివరిదాకా తిన్నది; ఆ ఏడాది మా ఇంట్లో కార్తీకం తర్వాత తిథులే లేవు. రెండవది నల్లది, ముసలిది. అది ఏమీ తినదు.

ఈ నల్లదాని పూర్వోత్తరాలు బృందం తరఫున వచ్చిన ఆమె చెప్పింది. అశోక్‌నగర్‌లో పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలు తినే మెస్సు ఒకటి ఉండేదట. దాని గడప ముందే ఈ కుక్క బతికింది. మెస్సు మూతపడింది. అప్పటినుంచి సరిగా తిండి ముట్టడం లేదు.

"మా దగ్గర పెట్టినా తింటలేదు సార్. మనుషులున్న ఇల్లయితే తింటదేమో అని ఇస్తున్నం. ఆదివారం వచ్చి చూస్త. అప్పటికీ తినకపోతే తీసుకపోయి సెలైన్ ఎక్కియ్యాలె. ముసలి పానం, ఎన్ని రోజులు తట్టుకుంటదో తెల్వదు. ఆ కుక్కపిల్ల కూడ దీన్ని ఆనుకునే పంటది, రెంటినీ తీసుకపోవాలె."

ఆ మాటకు మనవరాలు నా వైపు చూసింది. నేను పుస్తకంలోకి చూసుకున్నాను.

ఎంగిలి విషయంలో మా ఇంటి నియమం నేను పెట్టినదే. ఒకరి పళ్ళెంలోది మరొకరు తినరాదు. చెంబు ఎత్తి తాగాలి. పళ్ళేనికి తగిలిన గరిటె తిరిగి గిన్నెలోకి పోరాదు. కుక్కలు వచ్చాక, ఆక్షేపణ ఆక్షేపణే అయినా, నియమాన్ని వాటికి కూడా వర్తింపజేశాను. ఇంట్లో ఉంటున్న ప్రాణికి మనం తినగా మిగిలింది పెట్టడం మర్యాద కాదు. అందుచేత కుక్కర్ మూత తీయగానే మొదటి వడ్డన రెండవదానికి. అదీ కొత్త స్టీలు పళ్ళెంలో. ఇన్నేళ్ళ సంసారంలో నాకు ఒక్కనాడూ దక్కని గౌరవం అది.

రెండవది ఆ పళ్ళెం వాసన చూసేది. తలెత్తి మా ముఖాలు ఒక్కొక్కటే చూసేది. తర్వాత వెళ్ళి గోడవైపు తిరిగి పడుకునేది. పెరుగన్నం పెట్టాం, ఉడికించిన గుడ్డు పెట్టాం, కోడలు కొనుక్కొచ్చిన బిస్కెట్లు పెట్టాం. అన్నింటినీ మొదటిది ఆరగించింది. బషీర్‌బాగ్‌లో పశువుల డాక్టరుకు చూపిస్తే, ఒంట్లో రోగమేమీ లేదు, మనసు పెట్టడం లేదు అన్నాడు. మనవరాలి గురించి కాలేజీ వాళ్ళు కూడా సరిగ్గా ఈ మాటే అన్నారు. దానికోసం బషీర్‌బాగ్ దాకా ఆటోలో పోనక్కరలేకపోయింది.

శుక్రవారం మధ్యాహ్నానికి నా సహనం ముగిసింది. భోజనాల బల్ల కింద మొదటిది నా పంచె అంచు నములుతున్నది. కుక్కలున్న గదిలో ఇకమీదట భోజనం చేయనని ప్రకటించి, పళ్ళెం తీసుకుని బాల్కనీలో పీట వేసుకున్నాను. పప్పు, పెరుగన్నం, ఆవకాయ. రక్తపోటుకు ఉప్పు మానమని డాక్టరు చెప్పి ఉన్న మాట నిజమే. కానీ కారణాలు లిఖితపూర్వకంగా ఇవ్వలేదు గనుక ఆ ఆదేశాన్ని నేను అమలులోకి తేలేదు.

రెండవది మెల్లగా వచ్చి నాకు కొంత ఎడంగా పడుకుంది. నేను ముద్ద ఎత్తినప్పుడల్లా దాని తల కూడా ఎత్తేది. సగం తిన్నానో లేదో గ్యాసు సిలిండరు మనిషి తలుపు కొట్టాడు. పళ్ళేన్ని పీట పక్కనే ఉంచి లేచాను. తిరిగి వచ్చేసరికి రెండవది నా పళ్ళెంలో మూతి పెట్టి ఉంది. పెరుగన్నం చివరి మెతుకు దాకా తిన్నది. ఆవకాయ ముక్క మాత్రం అంచున అట్లాగే ఉంది.

కేక వేయడానికి నోరు తెరిచాను. వెనుక మా ఆవిడ నిలబడి ఉంది.

"ఏమనకుండ్రి" అన్నది నెమ్మదిగా. "తిననియ్యుండ్రి."

సాయంత్రం పరీక్షించి చూశాను. ఎవరూ ముట్టని పళ్ళెం పెడితే ముఖం తిప్పుకుంది. అదే పళ్ళెంలోంచి నేను నాలుగు ముద్దలు తిని పెడితే తిన్నది. కోడలు తిని పెట్టినా తిన్నది. బృందం ఆమెకు ఫోన్ చేస్తే, మెస్సులో పిల్లలు తిన్నాక మిగిలిందే దానికి పెట్టేవాళ్ళని చెప్పింది. అంటే ఇన్ని రోజులూ మేము మర్యాద చేస్తున్నామనుకుంటుంటే, మనిషి ముట్టని తిండి తన ముందు పెట్టడాన్ని అది అనుమానించింది.

ఇక ప్రశ్న ఒక్కటే: రోజూ దాని ఎదుట కూర్చుని తినేది ఎవరు? మా ఇంట్లో ఒక వేళకు, ఒక చోట, కూర్చుని తినే మనిషి ఒక్కడే ఉన్నాడు. అందరూ నా వైపే చూశారు.

ఆదివారం బృందం ఆమె వచ్చి సోఫాలో కూర్చుంది. ఈ కార్యక్రమం నా గదిలో తలుపు వేసుకుని జరుపుతానన్నాను. కళ్ళారా చూడాలన్నది. పళ్ళెం బాల్కనీలో పెట్టాక ఇంకొక మాట కూడా అన్నది.

"సార్, ఉప్పు, ఊరగాయ, ఉల్లిగడ్డ కుక్కకు పడయి. ఉప్పు లేకుండ కలిపింది మీరు తిని పెట్టాలె."

మా ఆవిడ అంతకుముందే ఉప్పు లేకుండా కలిపి తెచ్చిందని మొదటి ముద్దకే తెలిసింది. ఆ రుచిని వర్ణించడానికి నా పుస్తకంలో పదం దొరకలేదు. రెండవది నా గొంతువైపే చూస్తున్నది, మింగానా లేదా అని. ఒక్క ముద్దకు కదలలేదు. రెండో ముద్దకూ కదలలేదు. దాని పక్కటెముకలు లెక్కపెట్టగలిగేలా ఉన్నాయి. బాల్కనీ గుమ్మంలో మనవరాలు గోళ్ళు కొరుక్కుంటున్నది. ఇంకొంత తిన్నాను. పళ్ళెం జరిపాను. అప్పుడు లేచి వచ్చి, తోక ఒకసారి నేలకు కొట్టి, తినడం మొదలుపెట్టింది.

"ఇగ ఫికర్ లేదు. ఇవి మీయే" అని బృందం ఆమె లేచింది.

"ఏండ్ల సంది డాక్టరు చెప్తె వినలే" అన్నది మా ఆవిడ, ఆమెను సాగనంపి వచ్చి. "గిది నోరు తెర్వకుండనే వినిపిచ్చింది."

ఆక్షేపణను నేను ఉపసంహరించుకోలేదు. అది పుస్తకంలో ఎర్ర సిరాలోనే ఉంది. అమలు మాత్రం వాయిదా పడింది. మధ్యాహ్నం నేను వెళ్ళేసరికే రెండవది పీట పక్కన సిద్ధంగా ఉంటుంది. మొన్న మా ఆవిడ వంటింట్లో ఉన్న సమయం చూసి, పెరుగన్నం కింద ఒక ఆవకాయ ముక్క దాచుకున్నాను. పైన ఉన్నంత మేర తిని, ఆ ముక్క దాకా వచ్చేలోపే అలవాటుగా చేయి పళ్ళేన్ని జరిపేసింది. రెండవది అన్నమంతా తిన్నది. పళ్ళేన్ని అద్దంలా నాకింది. ఆవకాయ ముక్క ఒక్కదాన్ని మాత్రం నట్టనడుమ, ఆడిట్ వాళ్ళు ఆక్షేపణ పెట్టినట్టు, మా ఆవిడ వచ్చి చూసేదాకా వదిలిపెట్టింది.