304లో కూర్చుంటేనే వచ్చే వాసన

2023, రంజాన్ నెల. యూఏఈలోని ఫుజైరాలో ఐదంతస్తుల పాత బిల్డింగు, నలభై ఫ్లాట్లు. ఒక్క రోజులో బిల్డింగంతటికీ గ్యాస్ కంపెనీ మారాలి. పాత కంపెనీ మీటర్లు దిగాలి, మా కంపెనీవి ఎక్కాలి, ఇఫ్తార్ వేళకు ప్రతి వంటింట్లో పొయ్యి వెలగాలి. నేను జగిత్యాల నుంచి వచ్చి ఈ దేశంలో గ్యాస్ టెక్నీషియన్‌గా అప్పటికి పదకొండేళ్లయింది. అయినా అంత పెద్ద మార్పిడిని నా చేతికి అప్పగించడం అదే మొదటిసారి. పొద్దున్నే వ్యానెక్కుతుంటే కాళ్లు నేల మీద నిలవలేదు.

ఇక్కడ ఇళ్లకు కరెంటు కంపెనీని మార్చుకునే వీలు లేదు, ఏ ఊరికి ఏది ఇస్తే అదే. గ్యాస్ సంగతి వేరు. సిలిండరు వాడేవాళ్లు నచ్చిన చోట తెచ్చుకోవచ్చు. పైపు గ్యాస్ ఉన్న బిల్డింగులో మాత్రం యజమాని ఒప్పందం మార్చుకుంటే ఫ్లాట్లన్నీ ఒకేసారి మారతాయి. ఉపవాసాల్లో పగటి వంట తక్కువ కాబట్టి మా ముదీర్, అంటే మేనేజరు, ఆ రోజును ఎంచుకున్నాడు. రెండు గంటలకల్లా గ్యాస్ వస్తుందని లిఫ్టు పక్కన నోటీసు అంటించాం.

నాతో ఉన్నది సలీం ఒక్కడే. కడప మనిషి. రోజా ఉపవాసం ఉండి కూడా నాకంటే ముందే మెట్లెక్కేవాడు. ఎనిమిదింటికి మెయిన్ వాల్వు మూశాం. ఒంటిగంటకు ఆఖరి మీటరు బిగించేశాం. అనుకున్నదానికన్నా ముందున్నామని ఇద్దరం సంబరపడ్డాం. ఇక మిగిలింది ప్రెజర్ టెస్ట్. గ్యాస్ వదలబోయే ముందు పైపుల్లో గాలి నింపి, గేజ్ ముల్లు అరగంట కదలకుండా నిలుస్తుందా అని చూస్తాం. నిలిస్తే ఎక్కడా లీకు లేనట్టు.

ముల్లు నిలవలేదు. మెల్లగా, కళ్లు చిట్లించి చూస్తే తప్ప తెలియనంత మెల్లగా దిగుతోంది.

"మనం బిగించిన మీటర్లే ఏమో అన్నా," అన్నాడు సలీం. నలభై మీటర్లకూ సబ్బునీళ్లు రాశాం. లీకుంటే అక్కడ బుడగలు పొంగుతాయి. ఒక్క బుడగ కూడా రాలేదు. అంటే లోపం ఏదో ఇంట్లో ఉంది. అంతస్తు అంతస్తుకూ వాల్వు మూసి మళ్లీ ముల్లు చూశాం. ఒకటో అంతస్తులో నిలిచింది, రెండోదానిలో నిలిచింది. మూడోదానిలో జారింది. పైన నాలుగు, ఐదూ నిలిచాయి. వేటగాడికి అడుగుజాడ దొరికినట్టయింది నాకు. ఆ అంతస్తులో ఉన్న ఎనిమిది ఫ్లాట్లనూ విడివిడిగా పరీక్షిస్తే 304 దగ్గర మాత్రమే ముల్లు మళ్లీ దిగింది.

అప్పటికి మూడు దాటింది. ముదీర్‌కు ఫోన్ చేశాను. "వో ఏక్ ఫ్లాట్ బంద్ కరో, బాకీ చాలూ కరో. ఖలాస్," అన్నాడు. ఆ ఒక్కటీ మూసేసి మిగతావాటికి ఇచ్చేయమని. ఆయన మాటా సబబే. 304 మీటరు దగ్గర వాల్వు మూసి తాళం వేశాం. మిగతా ముప్పై తొమ్మిదింటికి గ్యాస్ వదిలే పని సలీంకు అప్పజెప్పి, నేను 304 తలుపు తట్టాను.

తీసిన ఆమె పేరు షంషాద్, నెల్లూరు జిల్లా. యాభై దాటి ఉంటాయి. చంకలో ఏడాది నిండని మనవడు. వంటింట్లో పెద్ద గిన్నెలో బియ్యం, పెసరపప్పు నానబోసి ఉన్నాయి. గల్లీ చివర మసీదుకు వచ్చే కూలివాళ్లకు ఆ రోజు ఇఫ్తార్ గంజి ఆమెదేనట.

"అక్కా, మీ ఇంట్ల లీకున్నది. ఎప్పుడన్న వాసన వచ్చిందా?" అన్నాను.

ఆమె పిల్లాణ్ని ఇంకో చంకకు మార్చుకుంది. "ఆరు నెల్ల నుంచి చెప్తానే ఉండా అబ్బయా. పాత కంపెనీవోళ్లు రెండుసార్లు వచ్చినారు. పొయ్యి కాడ నిలబడి, మిషన్ పెట్టి చూసి, ఏం లేదు, నీ భ్రమ అని పోయినారు. మా ఆయనా అదే మాట."

"వాసన యాడ వస్తుండె?"

"నిలబడితే రాదు. కత్తిపీట ముందరేసుకుని కూరగాయలు తరగను కూర్చుంటానే, అప్పుడొస్తది."

ఇక్కడ ఇళ్లకిచ్చే గ్యాస్ గాలికన్నా బరువు, కారితే నేలబారుగా పరుచుకుంటుంది. వచ్చినవాళ్లు నిలబడి చూశారు, ఈమె కూర్చుని చెప్పింది. ఇప్పుడు పైపులో ఉన్నది ఉత్త గాలి. వాసన లేదు, గ్యాస్‌ను పసిగట్టే డిటెక్టర్ పలకదు. గోడల్లో, అల్మరాల వెనక పోయిన పైపులో ఎక్కడ వెతకాలో తెలిసిన మనిషి ఆమె ఒక్కతే.

"నువ్వు కూర్చునే జాగ జర చూపియ్యక్కా."

పిల్లాణ్ని నా చేతికిచ్చి, వాషింగ్ మెషిన్ పక్కన నేల మీద కూర్చుంది. తల ఎటు తిరిగి ఉంటుందో కూడా చూపించింది. పిల్లాణ్ని తిరిగి ఆమెకిచ్చి మెషిన్ లాగాను. వెనక చెక్క పలక, దాన్ని ఊడదీస్తే పైపు కొమ్మ ఒకటి. ఎప్పుడో పొయ్యి అక్కడ ఉండేదేమో, చివర బిరడా బిగించి వదిలేశారు. పడుకుని సబ్బునీళ్లు రాశాను. ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత చిన్న బుడగ, దాని వెనక ఇంకోటి, చూస్తుండగానే తెల్లటి నురగ గుత్తి.

"సలీం, దొరికింది," అని మెట్లమీదికి కేకేశాను. పదకొండేళ్లలో పనిలో అట్లా అరిచింది అప్పుడే.

షంషాద్ వంగి చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బిరడాకు జానెడు దూరంలో మెషిన్ ప్లగ్గు ఉంది, అక్కడ ఒక్క నిప్పురవ్వ లేస్తే చాలు. "మెషిన్ ఏసే ముందు బాల్కనీ తలుపు తీసేదాన్ని," అంది తర్వాత. "భ్రమే అయితే ఏం పోతది అని." ఆమె ఆ భ్రమను నమ్ముకోబట్టే ఆ ఇల్లు నిలిచింది.

మరలు అరిగిపోయిన ఆ కొమ్మను మొదలు దగ్గరే కోసి, కొత్త మూత వేయాలి. ఆ సైజు మూత వ్యానులో లేదు. సలీం బజారుకు పరుగెత్తాడు. ఈలోగా పక్క ఫ్లాట్ల ఆడవాళ్లు వచ్చి నానిన బియ్యాన్ని నాలుగు గిన్నెల్లోకి పంచుకుని పోయారు. అప్పటికే వాళ్ల పొయ్యిలు వెలుగుతున్నాయి. సలీం తెచ్చాక మూత బిగించి, గాలి నింపి గేజ్ ముందు కూర్చున్నాం. అరగంట ముల్లు మేకు కొట్టినట్టు నిలబడింది. పైపులోని గాలిని బయటికి వదిలి గ్యాస్ రానిచ్చాం. షంషాద్ అగ్గిపుల్ల గీసింది. నీలంగా, గుండ్రంగా మంట లేచింది. అజాన్‌కు ఇంకా పావుగంట ఉంది. సలీం ఆ ఇంట్లోనే ఖర్జూరంతో రోజా విడిచాడు. నాకూ ఒక గిన్నె గంజి పెట్టారు.

మర్నాడు ముదీర్‌కు అంతా చెప్పాను. ఆయన మా తనిఖీ కాగితంలో ఒక ప్రశ్న చేర్చమన్నాడు: ఇంట్లో వంట చేసేవారు ఏమంటున్నారు? అంతకుముందు ఆ కాగితంలో పైపుల గురించి ఇరవై గళ్లు ఉండేవి, మనుషుల గురించి ఒక్కటీ లేదు.

ఇప్పుడు కొత్తగా చేరినవాళ్లకు నేనే పని నేర్పిస్తున్నాను. వంటింట్లోకి రాగానే అందరి చేతులూ డిటెక్టర్ మీదికే పోతాయి. దాన్ని పక్కన పెట్టించి, ముందు ఆ ఇంటి మనిషిని అడిగి, ఆమె చూపించిన చోట నేల మీద కూర్చోమంటాను. కొందరు నవ్వుతారు. నవ్వనీ, కూర్చున్నాకే మిషన్ చేతికిస్తాను.